తీసుకున్నవాడే తిరిగివ్వాలి

మా బావ ధర్మరాజు తలుపుకి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. టాటానగర్ పక్కన పర్సుడీహ్‌లో వాళ్లింటి నుంచి బయల్దేరి సందు మలుపు దాటాక కూడా ఒక్కోసారి ఆగిపోయి, తాళం వేశానా లేదా అని నన్నడుగుతాడు. వేశావు బావా, నా కళ్లతో చూశాను అంటే నమ్మడు. వెనక్కి వెళ్లి నాలుగోసారి లాగి వస్తాడు. మా అక్క జానకి ఈ మనిషితో ముప్పై రెండేళ్లు ఎలా కాపురం చేసిందో నాకర్థం కాదు. ఆవిడ జాగాలో నేనుంటే మొదటి ఏడాదే పెట్టె సర్దుకుని వచ్చేసేవాణ్ణి.

బావ వాళ్ల నాన్న పోలరాజుగారు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి వచ్చి టాటానగర్‌లో చేరి, బాదంపహాడ్ వైపు సింగిల్ లైన్లో ఒక చిన్న స్టేషన్లో చాలాకాలం చేశారు. అందుకని బావకి ఊహ తెలిసేసరికే చెవిలో పడిన మాట లైన్‌క్లియర్. అవతలి స్టేషన్ వాళ్లు ‘దారి ఖాళీగా ఉంది, బండిని పంపించండి’ అంటే లైన్‌క్లియర్ దొరికినట్టు. ఆ మాట వినబడగానే పట్టాల పక్కన ఆడుకునే పిల్లల్ని తల్లులు రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయేవారట.

ఇరవై రెండేళ్లప్పుడు బావ కరెంటు పనిలో చేరాడు. మొదటిరోజు మేస్త్రి స్తంభం కింద నిలబడి ‘లైన్‌క్లియర్ అయింది’ అని కేకవేస్తే, బావ ఒక్క గెంతు గెంతి పక్కకి దూకాడట. అందరూ పడిపడి నవ్వారు. కరెంటు వాళ్ల దగ్గర ఆ మాటకి అర్థం వేరు. తీగలో కరెంటు తీసేశాం, మళ్లీ చెప్పేదాకా రాదు, వెళ్లి చెయ్యి పెట్టుకో అని. ఒకచోట తప్పుకోమనే మాట ఇంకోచోట ముట్టుకోమనే మాట అయింది. బావ సిగ్గుపడలేదు సరికదా, మీరు పెట్టిందే తప్పు పేరని మేస్త్రితో వాదం పెట్టుకున్నాడట. అదీ వరస.

మా ఊళ్లో ఈ మాట ఎవరి నోట పడితే వాళ్లది. జుగ్సలాయి గోదాముల దగ్గర లారీవాళ్లకి లైన్‌క్లియర్ అంటే మలుపులో పోలీసు లేడని. మా ఆఫీసులో వాళ్లకి మేనేజరు ఇంటికెళ్లాడని. మా మేనకోడలు బిందుప్రియకి సంబంధం తెచ్చిన పెద్దమనిషి ‘లైన్‌క్లియరేనండీ, రేపే రమ్మంటున్నారు’ అంటే, బావ కళ్లజోడు సర్దుకుని ఎవరిచ్చారు, ఎన్ని గంటలకిచ్చారు అని అడిగాడు. ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

మా అక్క మందులు ప్యాకింగ్ చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. వాళ్లకీ ఉంది లైన్‌క్లియర్. ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టే ముందు, పాత లేబుల్ ఒక్కటి కూడా మిగల్లేదని తేల్చుకోవాలి. బయటికెళ్లిన డబ్బాల లెక్క సరిపోయిందంటే వాళ్ల సూపర్‌వైజరు ఒప్పుకోదు. బల్ల కింద మోకాళ్ల మీద వంగి, మిషను సందుల్లో వేళ్లు పెట్టి, మిగిలింది ఉందేమో వెతికి అప్పుడు సంతకం పెట్టాలి. ఈ సంగతి బావకి ఎంత నచ్చిందంటే, అన్నం తింటూ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. ఇన్నేళ్లకి పెళ్లాం మాట చెవికెక్కిందని నేను ఎగతాళి చేశాను.

నేనూ బావా ఆదిత్యపూర్‌లో ఇనుము పోతపోసే ఒకే ఫౌండ్రీలో పనిచేసేవాళ్లం. బావ సబ్‌స్టేషన్లో ఆపరేటరు. నేను గేటు దగ్గర టైమాఫీసులో, లోపలికి వచ్చేవాళ్లనీ బయటికి పోయేవాళ్లనీ రిజిస్టర్లో రాసే గుమాస్తాని. కరెంటు లైను మీద పనిచేసేవాళ్లకి బావ పెట్టిన పద్ధతి ఒకటుంది. పనిచేసేవాడే వచ్చి పుస్తకంలో సంతకం పెట్టి లైన్‌క్లియర్ తీసుకోవాలి. బావ స్విచ్చి తీసి, దానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటాడు. పనయ్యాక తీసుకున్నవాడే తిరిగొచ్చి, బావకి ఎదురుగా నిలబడి, నా మనుషులందరూ దిగిపోయారు, లైను తిరిగిస్తున్నాను అని నోటితో చెప్పి సంతకం పెట్టాలి. ఫోన్లో చెబితే కుదరదు. ఇంకొకణ్ణి పంపితే కుదరదు. మొలతాడు మీద పుట్టిన జోకులన్నీ ఇక్కడ రాయలేను.

పోయిన ఏడాది మే నెలలో ఒక ఆదివారం. బావ రిటైరవడానికి సరిగ్గా మూడు నెలలుంది. సబ్‌స్టేషన్ నుంచి ఫర్నేసు దాకా షెడ్డు కప్పు కింద పెద్ద రేకు పెట్టెలో రాగి కడ్డీలు వెళ్తాయి. కరెంటంతా వాటిలోనే పోతుంది. వాటి బోల్టులు బిగించాలని రెండు గంటలు కరెంటు ఆపారు. ఫర్నేసులో కరిగిన ఇనుముంది. దాన్ని ఖాళీ చేయించి ఆపాల్సింది, కానీ సరుకు తొందరగా వెళ్లాలని మేనేజరు మోహిత్ మూత పెట్టించి ఊరుకున్నాడు. నాలుగు గంటలు దాటితే ఇనుము లోపలే గడ్డకట్టేస్తుంది, ఫర్నేసు ఇక పనికిరాదు. పదిన్నరకి కాంట్రాక్టరు సూపర్‌వైజరు హరికిరణ్ సంతకం పెట్టి లైన్‌క్లియర్ తీసుకున్నాడు. విజయనగరం వాడు, ముప్పై ఐదేళ్ల మనిషి, అతని కింద ఐదుగురు.

అంతకు ముందే హరికిరణ్ గేటు దగ్గరికొచ్చి, కడ్డీల మీద దుమ్ము తుడవడానికి ఒక ఆడమనిషి కావాలన్నాడు. భాలుబాసాలో మా వెనకింట్లో ఉండే సింహాచలమ్మ ఆ పూట పని దొరుకుతుందేమోనని గేటు బయట కూర్చునుంది. యాభై ఏళ్లావిడ, మొగుడు లేడు. ఆవిడ గేటు పాసు శనివారంతో అయిపోయింది. రోజు కూలి పోతుంది బాబూ అని బతిమాలింది. నేను జాలిపడ్డాను. జాలిపడ్డానని అప్పట్లో గొప్పగా అనుకున్నాను కూడా. పేరు రాయకుండా పంపించేశాను. లోపల ఎవరి కంటా పడొద్దని, ఎవరు పిలిచినా పలకొద్దని, తెలిస్తే నా సీటు పోతుందని గట్టిగా చెప్పి మరీ పంపించాను.

పన్నెండూ ఇరవైకి లోపలినుంచి కేకలు. హరికిరణ్ గుండె పట్టుకుని పడిపోయాడు. స్ట్రెచర్ కోసం వెతికే టైము లేక, అక్కడున్న వెదురు నిచ్చెన మీదే పడుకోబెట్టి ఐదుగురూ మోసుకొచ్చారు. కంపెనీ జీపులో ఎక్కించుకుని ఐదుగురూ ఆస్పత్రికి పోయారు. పోతూ పోతూ నిచ్చెన నా ఆఫీసు గోడకి ఆనించారు. నేను రిజిస్టర్లో ఆరుగురు లోపలికి, ఆరుగురు బయటికి అని రాసి గీత కొట్టాను.

ఒంటిగంట అవుతుంటే మోహిత్ సబ్‌స్టేషన్‌కి వచ్చి కరెంటివ్వమన్నాడు. బావ పుస్తకం చూపించి, తీసుకున్నవాడు తిరిగివ్వలేదన్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేశారు. హరికిరణ్ కింద పనిచేసే సుమన్ ఎత్తి, లోపల ఇంజెక్షన్ ఇచ్చారు, మత్తులో ఉన్నాడు, మేం ఐదుగురం వరండాలోనే ఉన్నాం అని హిందీలో చెప్పాడు. మోహిత్ ఫోను స్పీకర్లో పెట్టి బావ మొహం దగ్గర పెట్టాడు. వాళ్లు ఐదుగురున్నారని తెలిసింది సార్, లైను మీద ఎవరూ లేరని తెలియలేదు అన్నాడు బావ.

మోహిత్ చెడ్డవాడేం కాదు. ఫర్నేసు పోతే ముందు పోయేది అతని ఉద్యోగమే. గార్డు పింటూని పంపి లైను పొడుగునా కేకలు వేయించాడు. పింటూ పది నిమిషాల్లో తిరిగొచ్చి ఎవరూ పలకలేదన్నాడు. అప్పుడు నన్ను పిలిపించారు. రిజిస్టరు ప్రకారం లోపల ఎవరూ లేరని రాసి సంతకం పెట్టమని మోహిత్ తెల్లకాగితం చేతికిచ్చాడు.

కలం పట్టుకున్నాక సింహాచలమ్మ గుర్తొచ్చింది.

ఇది నేనెవరికీ చెప్పలేదు. అంతవరకు ఆవిడ సంగతే మరిచిపోయానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. మరిచిపోలేదు. కాగితం మీద కలం పెట్టినప్పుడే ఆవిడ ఎర్రచీర కళ్లముందు కనబడింది. పన్నెండింటికి అన్నం తినడానికి వెనక గేటు నుంచి పోయుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పోయిందని నాకు తెలియదు. ఉందని చెబితే నా సీటు పోతుందని మాత్రం తెలుసు. ‘అందరూ బయట ఉన్నారు’ అని రాసి, కింద గణపతిరావు అని సంతకం పెట్టి ఇచ్చాను.

బావ కాగితం చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

“నీ కళ్లతో చూసినావేటి, గణపతీ?”

“రిజిస్టర్ సూసినాను బావా. ఆరుగురూ ఎల్లిపోనారు. ఇచ్చీ, తగువెందుకు.”

“నేనడిగింది రిజిస్టర్ గురించి కాదు” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మోహిత్‌కి ఒళ్లు మండింది. మూడు నెలల్లో నీ రిటైర్మెంటు కాగితాలు నా బల్ల మీదికే వస్తాయని గుర్తుచేశాడు. సస్పెండ్ చేస్తానన్నాడు. చివరికి సుత్తి తెప్పించి తాళం పగలగొట్టమని పింటూతో అన్నాడు. బావ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. పగలగొట్టండి సార్, అయితే పగలగొట్టేవాళ్ల పేరూ, కొట్టించేవాళ్ల పేరూ ఇక్కడ రాసి సంతకాలు పెట్టాక పగలగొట్టండి అన్నాడు. పింటూ సుత్తి కింద పెట్టేశాడు. మోహిత్ కలం వైపు చూశాడు గాని చెయ్యి చాపలేదు.

తీసుకున్నవాడు రాలేని స్థితిలో ఉంటే దానికీ ఒక దారుందని బావ చెప్పాడు. ఇచ్చినవాడు లైను మొత్తం ఈ చివర నుంచి ఆ చివరిదాకా స్వయంగా నడిచి చూసి రావాలి. దాదాపు గంట పడుతుంది. అప్పటికి ఒంటిగంటా ఇరవై ఐదు. రెండున్నరకి ఇనుము గడ్డకడుతుంది. మోహిత్ కుర్చీలో కూలబడి వెళ్లమని చెయ్యి ఊపాడు. నేను టార్చిలైటు పట్టుకుని బావ వెనకాల బయల్దేరాను.

రెండువందల నలభై మీటర్లు. మే నెల ఎండకి రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. నీళ్ల పంపు కోసం పెట్టిన జనరేటరు హోరులో పక్కనున్నవాడి మాట వినబడదు. బావ ప్రతి పది అడుగులకీ ఆగి, కింద కాలువలోకి వంగి చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, పైన రేకు పెట్టె మూత తెరిచి ఉన్నచోటల్లా పక్కన బల్లో డ్రమ్మో ఎక్కి లోపలికి తొంగిచూస్తున్నాడు. కేక మాత్రం వెయ్యడు. ఆవిడ పలికితే బాగుండును, నేను చెప్పక్కర్లేకుండా తేలిపోతుందని నా ఆశ.

“పిలువు బావా, ఎవులైనా ఉంటే పలుకుతారు” అన్నాను.

“పలకనోళ్లు లేనట్టేటి? మీ అక్క లేబుళ్లని పిలుత్తాదేటి?” అని మళ్లీ వంగాడు.

రెండింటికి ఫోన్ మోగింది. ఇనుము మీద పొర కడుతోందని మోహిత్. బావ సరే సార్ అని ఫోన్ నాకిచ్చేశాడు. సగం దూరమే అయింది. నేను అప్పుడైనా చెప్పుండొచ్చు. తిన్నగా చివరికే వెళ్లిపోయేవాళ్లం, ఆవిణ్ణి దింపేవాళ్లం, ఇంకా ఇరవై నిమిషాలు మిగిలేవి. చెప్పలేదు. ప్రతి మూత దగ్గరా ఇక్కడ ఉండదు, ఇక్కడ ఉండదు అనుకుంటూ నడిచాను. బావ మీద కోపం కూడా వచ్చింది, ఇంత నెమ్మదేంటని. భయపడ్డవాడికి ఎవరి మీదైనా కోపం వస్తుంది కాబోలు.

ఫర్నేసు పక్కన చివరి స్తంభం దగ్గర, పద్నాలుగు అడుగుల ఎత్తులో ఇనప అరుగొకటుంది. కడ్డీలు అక్కడే పెట్టెలోంచి బయటికొచ్చి కిందికి దిగుతాయి. బావ అరుగు కింద నిలబడి అటూ ఇటూ చూశాడు.

“ఇక్కడ నిచ్చెనుండాల కదరా. ఏదీ?”

“నా ఆఫీసు కాడుంది. హరికిరణ్‌ని దాని మీదే మోసుకొచ్చినారు.”

బావ నా మొహంలోకి చూశాడు.

“అయితే పైనున్నోళ్లు ఎలా దిగుతారు?”

యాభై తొమ్మిదేళ్ల మనిషి చెప్పులు విడిచి, స్తంభం అడ్డకమ్ముల మీద కాళ్లు పెట్టి ఎక్కడం మొదలెట్టాడు. రెండో కమ్మి దగ్గర మోకాలు సహకరించక ఒక పక్కకి వాలిపోయాడు. అప్పుడు నేను ఆయన కాలు పట్టుకుని, బావా, సింహాచలమ్మ ఉందేమో అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. నా చేతిలోంచి కాలు విడిపించుకుని ఎక్కాడు. నేను నిచ్చెన కోసం గేటుకి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి బావ అరుగు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. రేకు పెట్టె వెనక, గోడకీ దానికీ మధ్య మూరెడు సందులో సింహాచలమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చునుంది. భుజం రాగి కడ్డీకి ఆని ఉంది. చేతిలో కిరసనాయిలు గుడ్డ. కడ్డీలు తళతళా మెరుస్తున్నాయి, పని అంతా పూర్తిచేసింది. ఆవిణ్ణి పైకెక్కించింది హరికిరణ్ ఒక్కడే, మిగతా ఐదుగురికీ ఆ సంగతే తెలియదట. నిచ్చెన దిగి ముందు నా దగ్గరికే వచ్చింది.

“ఇందాక ఎవులో అరిసినారు బాబూ. ఇనబడింది. మీరు పలకొద్దన్నారు కదా, సందులోకి జరిగి కూకున్నాను. నోరెత్తనేదు.”

జనరేటరు హోరులో కూడా ఆ మాట బావకి వినబడింది. నన్ను తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన మా ఇద్దర్నీ గేటు దాకా నడిపించుకొచ్చి, నా బల్ల మీద రిజిస్టరు తెరిచాడు.

“రాయి. వచ్చిన టైమూ, ఎల్లిన టైమూ. పేరు లేని మనిషిని నేను లైను మీంచి దింపలేను.”

రాశాను. సింహాచలమ్మ, లోపలికి పదీ ఇరవై, బయటికి రెండూ ఇరవై రెండు. పక్కన నిలబడి మోహిత్ ప్రతి అక్షరం చూశాడు. రెండూ ఇరవై ఎనిమిదికి బావ మొలతాడు విప్పి తాళం తీశాడు. ఫర్నేసు దక్కింది, పైన కట్టిన పొర పగలగొట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. హరికిరణ్ కూడా దక్కాడు. పందొమ్మిది రోజుల తరవాత, భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి పుస్తకంలో తన గడిలో సంతకం పెట్టాడు. బావ మూడు నెలలూ పూర్తిచేసి, దండలు వేయించుకుని రిటైరయ్యాడు. ఆ రోజు మోహిత్ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. నా కాగితం బావ ఎవరికీ చూపించలేదు, నాకు తిరిగి కూడా ఇవ్వలేదు.

నా గేటు సీటు వారంలోనే పోయింది. ఇప్పుడు తుక్కు యార్డులో ఎండలో నిలబడి ఇనపముక్కల తూకం రాస్తున్నాను. ఆ శిక్ష నాకు తక్కువే.

ఆ వారం ఆఖర్న సింహాచలమ్మ మా ఇంటికొచ్చింది. బావా, అక్కా కూడా ఉన్నారు. కొంగులో నాలుగు మామిడిపళ్లు తెచ్చి నా ముందు పెట్టి, గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ, నా వల్ల మీ సీటు పోయింది బాబూ, నన్ను సెమించండి అంది. అక్క కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ కడ్డీల్లో ఏముంటుందో, బావ తాళం తీసుంటే ఏమయ్యేదో ఆవిడకి ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

“నానింకొంచెం లోపలికి జరిగి కూకునుంటే ఆ బాబుకి అగుపడకపోదును” అంది. “మీ సీటు మీకుండిపోను.”

బావ నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనే. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నోరు తెరిచాను గాని ఏడుపు తప్ప మాట రాలేదు. ఏడవకండి బాబూ, ఉజ్జోగం మళ్లీ వత్తాది అని ఆవిడే నా వీపు నిమిరింది.